అమ్మ మిషను, ఆరు నూలు చీరలు

ప్రశ్న: మేడమ్, నాకు 41 ఏళ్ళు. ఉప్పల్‌లో ఉంటాం. ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. ఏడాదిన్నర కిందట మా అమ్మ పోయింది. ఊళ్ళో ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అందరూ తలో వస్తువు తీసుకున్నారు. నేను ఆమె కుట్టు మిషను, ఆరు నూలు చీరలు తెచ్చుకున్నాను. ఎప్పటికైనా ఆ చీరలతో ఒక బొంత కుట్టాలని కోరిక. మిషను మాత్రం ప్రస్తుతం బాల్కనీలో తువ్వాళ్ళు ఆరేసుకోవడానికి పనికొస్తోంది. యూట్యూబ్‌లో నలభై వీడియోలు చూసి ఉంటాను, ఒక్క కుట్టూ తిన్నగా రాలేదు. ఈ మధ్య మా పాపతో కలిసి జూబ్లీహిల్స్‌లో మట్టిపాత్రల క్లాసు ఒకటి చూద్దామని వెళ్ళాను. రెండు గంటలు ఫోను ముట్టుకోలేదు! అప్పటినుంచి ఇంట్లోకి ఒక చక్రం కొందామా అనిపిస్తోంది. మా ఆవిడ ఏమీ అనకుండా అటక వైపు చూపిస్తుంది. అక్కడ గిటారు, అక్వేరియం, డంబెల్స్ ఉన్నాయి. కుట్టు నేర్చుకోవాలా, మట్టి పనా, రెండూనా? ఈ వయసులో మగవాడు మిషను ముందు కూర్చుంటే నవ్వరా?
– ఒక పాఠకుడు, ఉప్పల్

సమాధానం:

నమస్తే అండీ.

నవ్వుల సంగతి చిన్నది, ముందు అది తేల్చేద్దాం. మీ పెళ్ళి సూటు కుట్టిందెవరు? మీ వీధి చివర ప్యాంట్లు పొట్టి చేసి ఇచ్చేదెవరు? పాతబస్తీలో షేర్వానీలు కుట్టేదెవరు? దుకాణంలో తొక్కితే మగవాళ్ళ పని, ఇంట్లో తొక్కితే ఆడవాళ్ళ పని అని ఎవరు విడదీశారో గానీ, మిషనుకైతే తెలియదు. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. కుట్టు నేర్చుకుంటున్నానని ఆఫీసులో చెప్పకండి. శుక్రవారం చెప్పారంటే సోమవారానికి మీ టేబుల్ మీద నాలుగు ప్యాంట్లు, జిప్పు ఊడిన బ్యాగు ఒకటి చేరతాయి.

మిషనా మట్టా అంటే నా ఓటు మిషనుకే. అది మీ అమ్మగారిది కాబట్టి అని రాస్తే బాగుంటుంది గానీ, నేను చూసింది మీ టైమును. ఉద్యోగం చేసే మనిషికి దొరికేది రాత్రి భోజనాలయ్యాక అరగంట. ఆ అరగంటలో రెండు అంచులు మడిచి కుట్టి, మిషను మీద గుడ్డ కప్పి పడుకోవచ్చు. మర్నాడు అక్కడినుంచే అందుకోవచ్చు. మట్టి మీ కోసం అలా ఆగదు. తడిగుడ్డ, ప్లాస్టిక్ కవరు కప్పి బతిమాలితే ఆగుతుంది, అది కూడా కొంతవరకే. మన ఎండాకాలంలో అయితే మీరు లేచి టీ తాగి వచ్చేలోపు గిన్నె అంచు గట్టిపడి పగులు తీస్తుంది.

మట్టి వద్దని కాదు, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఇవాళే ఆ మిషనును బాల్కనీలోంచి లోపలికి తెండి. వానజల్లుకు తుప్పు బాగా ముదిరితే మెకానిక్ కూడా పెద్దగా ఏమీ చేయలేడు. ఏడాదిన్నర కదలని మిషనులో పాత నూనె జిగురులా పట్టుకుపోయి ఉంటుంది. తిరగడం లేదు కదా అని ఇంట్లో ఉన్న కొబ్బరినూనె పోయకండి. మా ఇంట్లో ఆ ఘనకార్యం చేసింది నేనే. రెండు రోజులు బ్రహ్మాండంగా తిరిగి, నెల తిరిగేసరికి లోపల బంకలా గడ్డకట్టింది. మిషన్ ఆయిల్ అని చిన్న సీసాలో విడిగా దొరుకుతుంది, అదే వాడాలి. ముందు ఒక మెకానిక్‌ను పిలిపించి శుభ్రం చేయించండి. తోలు బెల్టు సాగిపోయి ఉంటే మార్పించండి. అతను పని చేస్తున్నంతసేపూ పక్కనే స్టూలు వేసుకుని కూర్చోండి. దారం రీలు నుంచి సూది దాకా ఏ కొక్కెం తర్వాత ఏ కొక్కెంలోకి వెళ్తోందో, సూదికి చదునుగా ఉన్న వైపు ఎటు ఉందో, బాబిన్ (కింది దారం చుట్టే చిన్న కండె) దాని కేసులో ఎలా కూర్చుందో మూడు ఫోటోలు తీసుకోండి. మీరు చూసిన నలభై వీడియోల్లో ఉన్నవి వేరేవాళ్ళ మిషన్లు. ఈ మూడు ఫోటోల్లో ఉండేది మీది.

మొదటి నాలుగైదు రోజులు దారం ఎక్కించొద్దు. మీ పాప రూళ్ళ నోట్‌బుక్‌లోంచి నాలుగు కాగితాలు చించుకోండి (అడిగే చించండి). పాత సూది ఒకటి పెట్టి, కాగితం మీది గీత వెంట ఉత్త సూదిని నడపండి. పాత సూది ఎందుకంటే, కాగితం కుట్టిన సూది మొద్దుబారి తర్వాత బట్టకు పనికిరాదు. కుడిచేత్తో పై చక్రాన్ని మీ వైపుకు తిప్పి, అది కదిలాక కాళ్ళు అందుకోవాలి. ముందే కాలు తొక్కితే చక్రం ఒక్కోసారి వెనక్కి తిరుగుతుంది. దారం ఉన్నప్పుడు అలా తిరిగితే చిక్కుపడి తెగుతుంది. ఒక పాదం కాస్త ముందుకి, ఒకటి కాస్త వెనక్కి పెట్టి నెమ్మదిగా ఊపండి. కోరినచోట ఆపడం వచ్చేదాకా ఇదే పని. తొక్కడం ఒక్కరోజులో వస్తుంది, ఆపడానికే నాలుగు రోజులు పడుతుంది.

ఇక మీ వంకర కుట్టు. మీరు కుట్టేటప్పుడు సూదిని చూస్తున్నారని నా అనుమానం. కొత్తవాళ్ళందరం అదే చేస్తాం, ఎగిరెగిరి పడే వస్తువు మీదికే కదా కన్ను పోతుంది. సూదిని చూడకండి. బట్టను నొక్కిపట్టే ఇనుప పాదం ఉంటుంది, దాని కుడి అంచును చూడండి. బట్ట అంచు ఆ పాదం అంచుతో సమానంగా వెళ్తోందా లేదా అన్నదొక్కటే మీ పని. సూది పని సూది చూసుకుంటుంది. ఇంకో మాట, బట్టను వెనకనుంచి లాగకండి. పాదం కింద ఉన్న పళ్ళే దాన్ని ముందుకు జరుపుతాయి. మీరు లాగితే సూది వంగుతుంది, వంగిన సూది కింది పలకకు తగిలి విరుగుతుంది.

దారం ఎక్కించిన మొదటి రోజు బట్ట కింద దారమంతా పిచ్చుక గూడులా చుట్టుకుపోతుంది. ఇది జరిగి తీరుతుంది, అప్పుడు టెన్షన్ పడొద్దు. గూడు కిందే కట్టినా తప్పు మాత్రం పైన ఉంటుంది. ఏదో ఒక కొక్కెంలోకి దారం ఎక్కలేదు, లేదా పాదం దించకుండానే కుట్టేశారు. కొత్తవాళ్ళు వెంటనే బాబిన్ కేసు బయటికి తీసి దాని చిన్న స్క్రూ తిప్పుతారు. దయచేసి ఆ స్క్రూ జోలికి వెళ్ళకండి. పై దారం మొత్తం తీసేసి, ఫోటో చూసుకుంటూ మళ్ళీ ఎక్కించండి. ఎక్కించాక రెండు దారాల కొసలూ వెనక్కి పట్టుకుని మొదటి రెండు మూడు కుట్లు వేయండి, గూడు కట్టదు.

కొనాల్సినవి పెద్దగా లేవు. బట్టకు మాత్రమే వాడే కత్తెర ఒకటి (పాల ప్యాకెట్లు దాంతో కత్తిరించకుండా ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పాలి), టేపు, సుద్ద, గుండుసూదులు, 14 నంబరు మిషను సూదులు, కుట్లు విప్పే చిన్న రిప్పర్. మీరు ఎక్కువగా వాడబోయేది ఈ చివరిదే. ఇవన్నీ మీ ఇంటి దగ్గర మ్యాచింగ్ సెంటర్‌లో దొరుకుతాయి. సరదాగా తిరగాలనుంటే ఉప్పల్‌లో మెట్రో ఎక్కి పెరేడ్ గ్రౌండ్స్‌లో దిగి, జనరల్ బజార్ వెళ్ళండి. ఒక్క సందులోనే బొత్తాలు, లేసులు, లైనింగులు గుట్టలుగా ఉంటాయి. డబ్బులు మాత్రం లెక్కపెట్టి తీసుకెళ్ళండి. లేసుల దుకాణంలో ఎంత పొదుపరి మనిషైనా మెత్తబడిపోవడం నేను చూశాను.

మొదట కుట్టాల్సింది దిండు గలేబు. ఎందుకంటే అందులో వంపు లేదు, జిప్పు లేదు, కాజాలు లేవు, ఒకరి ఒంటికి సరిపోవాలన్న బాధా లేదు. మామూలు 17 బై 27 అంగుళాల దిండుకు 18 అంగుళాల వెడల్పు, 62 అంగుళాల పొడవు ముక్క ఒకటి చాలు. ముందు వైపు 27, వెనక వైపు 27, దిండు బయటికి రాకుండా లోపలికి మడిచే జేబుకు 6, రెండు కొసల్లో అంచు మడతకు ఒక్కో అంగుళం. రెండు అంచులు కుట్టి, జేబు మడిచి, రెండు పక్కలు కుట్టి తిరగేస్తే అయిపోతుంది. మొత్తం నాలుగు తిన్నని కుట్లు. 44 అంగుళాల పన్నా ఉన్న పాప్లిన్ 1.75 మీటర్లు తీసుకుంటే రెండు గలేబులు వస్తాయి. కత్తెర పెట్టేముందు ఆ బట్టను ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేయండి. నూలు బట్ట మొదటి తడుపుకే ముడుచుకుంటుంది. ఆ ముడుచుకునేదేదో మీరు కొలవకముందే అయిపోవాలి.

ఒకటి కుట్టాక మీకు ఎప్రన్ కుట్టాలనిపిస్తుంది, తర్వాత పాపకు ఫ్రాకు అనిపిస్తుంది. ఆగండి. గలేబులే ఐదు కుట్టండి. గిటారు, అక్వేరియం, డంబెల్స్ అటకెక్కింది మీకు పట్టుదల లేక కాదనుకుంటాను. రోజుకో కొత్త పాట, వారానికో కొత్త చేప మొదలుపెట్టి ఉంటారు. కొత్తది చేసిన ప్రతిసారీ చేతులు మళ్ళీ ఒకటో తరగతిలో కూర్చుంటాయి. ఐదు గలేబులకీ వరసగా 1, 2, 3 అని లోపలి మూల మీద పెన్నుతో రాసుకోండి. ఒకటోది మీరు వాడుకోండి, ఐదోది మీ ఆవిడకివ్వండి. ఆమె మళ్ళీ అటక వైపు చూపించదు.

నేర్పే మనిషి కావాలనిపిస్తే ప్రభుత్వ శిక్షణ సంస్థ సెట్విన్ కేంద్రాల్లో టైలరింగ్ ఉంటుంది. అయితే అది ఉపాధి కోసం వచ్చేవాళ్ళకు పెట్టిన కోర్సు, మీకిప్పుడు బ్లౌజు కటింగు అక్కరలేదు. మీ కాలనీలోనే ఏదో ఒక గేటుకు ‘ఫాల్, పీకో చేయబడును’ అని బోర్డు వేలాడుతూ ఉంటుంది. ఆమెను నాలుగు ఆదివారాలు, గంటకు ఇంత అని మాట్లాడుకుని అడగండి. మీ చెయ్యి ఎక్కడ తప్పుతోందో వీడియో చెప్పదు, పక్కన కూర్చున్న మనిషి చెబుతుంది.

ఇప్పుడు మట్టి. రెండు గంటలు ఫోను ముట్టుకోలేదన్నారు. చేతులనిండా బురద ఉంటే ఎవరు ముట్టుకుంటారండీ! హాస్యానికి అన్నాను, నాకూ అక్కడ నచ్చేది అదే. కానీ చక్రం కొనకండి. మీరు ఆ రోజు చేసింది మొత్తం పనిలో ఒక ముక్క మాత్రమే. మీరు వెళ్ళకముందే ఎవరో ఆ మట్టిలో గాలి బుడగలు లేకుండా పిసికి పెట్టారు. మీరు వచ్చేశాక ఎవరో దాన్ని నెమ్మదిగా ఆరబెట్టి, అడుగు చెక్కి, 900 నుంచి 1000 డిగ్రీల దాకా ఒకసారి కాల్చారు. మెరుపు పూత వేసి ఉంటే మళ్ళీ కాల్చారు. రాయిలా గట్టిపడే స్టోన్‌వేర్ మట్టయితే ఆ రెండోసారి 1200 డిగ్రీలు దాటాలి. చక్రం కొంటారు సరే, ఇంట్లో బట్టీ ఎక్కడ పెడతారు? పైగా మట్టినీళ్ళు సింకులో పోస్తే పైపు పూడుకుపోతుంది, అపార్ట్‌మెంట్ అయితే కిందింటివాళ్ళతో గొడవ.

నా సంగతి ఒకటి చెబుతాను. ఒక స్టూడియోలో కొన్నాళ్ళు నేర్చుకున్నప్పుడు ఏనుగు బొమ్మ చేశాను. లోపల డొల్లగా తవ్వాలని చెప్పారు. తవ్వితే ఏనుగు బలం తగ్గుతుందేమోనని నేను తవ్వలేదు. పైన చేత్తో ముట్టుకుంటే ఎండినట్టే ఉంది. నడుమ ఇంకా తడి ఉంది. బట్టీలో వేడికి ఆ తడి ఆవిరై, బయటికి దారి లేక ఏనుగు పేలిపోయింది. దాంతోపాటు పక్కన పెట్టిన వేరేవాళ్ళ రెండు కప్పులు, ఒక పళ్ళెం కూడా. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అంటారే (కుమ్మరి ఏడాది శ్రమ దుడ్డుకర్రకు ఒక్క దెబ్బ పని అని), ఆ రోజు గుదియను నేనే. వేలి మందం కన్నా లావుగా ఏదీ ఉంచకూడదని అప్పుడు అర్థమైంది. ఎండిందో లేదో తెలుసుకోవాలంటే బొమ్మను చెంపకు ఆనించి చూడాలి, చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే.

కాబట్టి మట్టికి నెలకో ఆదివారం కేటాయించండి, వేరేవాళ్ళ బట్టీ దగ్గరే. అదే మెట్రో లైను మిమ్మల్ని జూబ్లీహిల్స్ దాకా తీసుకెళ్తుంది. క్లాసులో చేరేముందు ఒక్క ప్రశ్న అడగండి, ‘నా వస్తువు మళ్ళీ నేనే అడుగు చెక్కి, నేనే పూత వేయవచ్చా?’ అని. అవునంటే అది నేర్పే చోటు. వాళ్ళే చేసి పార్సిల్ కట్టి ఇస్తామంటే అది పుట్టినరోజు పార్టీ, తప్పేం లేదు గానీ చేతికి ఏమీ అంటదు. సారె మీద చెయ్యి తిరిగిన కుమ్మరిని చూడాలని ఉంటే కాలం చూసుకుని వెళ్ళండి. ఆషాఢంలో బోనాలకు ముందు, దీపావళి ప్రమిదలప్పుడు, ఎండలు ముదిరి రంజన్లు అమ్ముకునేటప్పుడు వెళ్ళి ‘నాకు కాస్త నేర్పిస్తారా’ అంటే ఎవరికీ తీరిక ఉండదు. మిగతా నెలల్లో, ముందు ఒక కుండ కొని ఆ తర్వాత మాట కలపడం మర్యాద.

పాపతో ఇంట్లో చేయాలంటే కాల్చక్కర్లేని మట్టి వస్తువు మన దగ్గర ఒకటుంది. వినాయకుడు. పచ్చిమట్టితో జానెడు బొమ్మ చేసి, లోపల డొల్లగా ఉంచి, నీడన ఆరబెట్టి పూజ చేసుకుని బకెట్లో నిమజ్జనం చేయండి. అది రాత్రికల్లా కరుగుతుంది. పై నీళ్ళు మొక్కలకు పోసేసి, అడుగున దిగిన మట్టిని పాత దిండు గలేబులో మూటగట్టి వేలాడదీస్తే మళ్ళీ ముద్దకు వస్తుంది. (ఒకటో నంబరు గలేబు దీనికి సరిపోతుంది.) గాలికి ఆరే క్లే అని ప్యాకెట్లలో అమ్ముతారు. దాంతో బొమ్మలు చేసుకోవచ్చు గానీ కప్పు చేసి టీ తాగకండి, నీళ్ళు తగిలితే మెత్తబడుతుంది.

మీరు ఉత్తరంలో ఒక్క ముక్కలో చెప్పి వదిలేసింది బొంత. ఎప్పటికైనా అన్నారు. వచ్చే చలికాలానికి అనుకుందాం.

బొంత మిషను మీద కుట్టేది కాదు. కలిపి కుట్టని పొరలు పాదం కింద ఒకదాని మీద ఒకటి జారి ముడతలు పడతాయి. అది చేతి పని, పెద్ద సూది, లావు దారం, మామూలు పరుగు కుట్టు. ఆరు చీరలూ ఒకేసారి వేయాలనుకోకండి. చీర అయిదున్నర మీటర్లు ఉంటుంది. దాన్ని సగానికి మడిస్తేనే రెండు పొరలు, ఆరు చీరలంటే పన్నెండు. సూది దిగదు, మీ బొటనవేలు ఒప్పుకోదు. రెండు చీరలు చాలు, నాలుగు పొరలవుతాయి. ఒక మనిషికి కప్పుకోవడానికి సరిపోతుంది. మిగిలిన నాలుగూ అలాగే ఉంచుకోండి.

అంతకన్నా ముందు ఒక పాత లుంగీతో రెండడుగుల బుల్లి బొంత కుట్టి చూడండి. మీ అమ్మగారి చీర మీద చెయ్యి అలవాటు చేసుకోవద్దు. చీరల్లో గంజి ఉంటే ఉతికి పూర్తిగా పోగొట్టాలి, గంజి బట్టలో సూది మొరాయిస్తుంది. ఆరాక కిటికీ దగ్గర వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. కుచ్చిళ్ళు వచ్చేచోట నలిగి పలచబడి ఉంటుంది, ఆ భాగం లోపలి పొరల్లోకి వెళ్ళాలి. హాల్లో సోఫా జరిపేసి నేల మీద నాలుగు పొరలూ పరవండి, మూలల్లో బరువులు పెట్టండి, ఆ డంబెల్స్ ఇప్పటికి పనికొస్తాయి. అంతటా జానెడుకో పెద్ద కచ్చా కుట్టు వేసి పొరలు కదలకుండా కట్టేయండి. ఆ తర్వాత అసలు కుట్టు నడుమ నుంచి మొదలుపెట్టి అంచుల వైపు వెళ్ళాలి. అంచు నుంచి లోపలికి వస్తే ముడతలన్నీ నడుమ పోగుపడతాయి. రెండు వేళ్ళ దూరానికో వరస. రోజుకు రెండు వరసలు వేసినా చాలు, టీవీ చూస్తూ వేయవచ్చు. మీ పాపకూ ఒక సూది ఇవ్వండి, ఆమె వరస వంకరగా వచ్చినా విప్పకండి.

మిషను అవసరం చివర్లో పడుతుంది, చుట్టూ అంచుపట్టీ కుట్టడానికి. ఐదు గలేబులు అయ్యేసరికి ఆ తిన్నని కుట్టు మీకు వచ్చి ఉంటుంది.

చీరలకు ఫాల్స్ ఉంటే పరిచేముందు ఊడదీయాలి. రిప్పర్ పెట్టేముందు ఒక్కసారి చీర తిరగేసి చూడండి. అది మీ అమ్మగారే కుట్టి ఉంటే, కుట్టుకూ కుట్టుకూ మధ్య ఎంత దూరం వదిలారో, దారం అయిపోయినచోట ముడి ఎలా దాచారో కనిపిస్తుంది. టేపు పెట్టి కొలిచి రాసుకోండి, బొంతకు అదే కొలత వాడవచ్చు. ఊడదీసిన ఫాల్స్ పారేయకండి. నూలువైతే అంచుపట్టీకి అవే సరిపోతాయి. ఒక్కో ఫాల్ సుమారు రెండున్నర మీటర్లు ఉంటుంది. బొంతలోకి వెళ్ళే చీరలవి రెండు, మిగిలిన నాలుగింట్లో ఒకదానిది ఒకటి, మూడు కలిపి కుడితే ఏడున్నర. మీ బొంతను రెండుంబావు మీటర్లకు కత్తిరించుకుంటే దాని చుట్టుకొలత ఏడు మీటర్లలోపే.